జార్జ్ వాషింగ్టన్ బుష్ బండి ఉత్తరం వైపు ఎందుకు తిరిగింది

1844లో అమెరికా పడమటి తీరాన ఉన్న ఓరెగాన్‌కి పోతున్న బళ్ల బారులో ఇద్దరు పక్కపక్కన వెళ్తున్నారు, ఒకాయన కంచరగాడిద మీద, రెండో అతను కాలినడకన. ఇప్పటి ఐడహో రాష్ట్రంలో సోడా స్ప్రింగ్స్ అనే చోటు దగ్గరపడింది. నడిచేవాడు జాన్ మింటో, ఇంగ్లండ్ బొగ్గు గనుల కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు, ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. కంచరగాడిద మీదున్నది జార్జ్ వాషింగ్టన్ బుష్, యాభై దాటిన మనిషి, తండ్రి నల్లజాతివాడు, తల్లి ఐరిష్ ఆవిడ. దారిలో మాటల మధ్య బుష్ ఆ కుర్రాడితో మనసులో మాట చెప్పాడు. ఓరెగాన్ చేరాక అక్కడ నల్లవాళ్లని ఎలా చూస్తారో గమనిస్తాను, స్వేచ్ఛ ఉన్న మనిషికి దక్కాల్సిన హక్కులు నాకు దక్కకపోతే కాలిఫోర్నియాకో న్యూ మెక్సికోకో పోయి మెక్సికో ప్రభుత్వం నీడలో బతుకుతాను అన్నాడు. ఇంత మంది జనంలో ఈ మాట చెప్పుకోగలిగినవాళ్లు కొద్దిమందే అని కూడా అన్నాడు. మింటో పెద్దవాడయ్యాక తన జ్ఞాపకాల్లో ఇదంతా రాసిపెట్టాడు కాబట్టే మనదాకా వచ్చింది.

ఆ పేరా చదివాక ఓరెగాన్ ట్రయల్, అంటే ఆ బళ్లు నడిచిన దారి గురించి నేను అంతకుముందు చదివినవన్నీ మళ్లీ తిరగేశాను. నది దాటడం, ఆకలి, రోగం, మంచు పడేలోపు కొండలు దాటాలన్న తొందర, ఇవి అందరికీ ఉన్న భయాలే. బుష్‌కి ఇంకొకటి ఉంది. రెండు వేల మైళ్లు నడిచి చేరాక, ఆ చివర తనని ఉండనిస్తారో లేదో తెలీదు. పక్కబండివాడికి ఆ ఆలోచనే లేదు. వీసా కాగితాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మనవాళ్లకి ఆ టెన్షన్ కొంత తెలుసు. కానీ మనల్ని ఎవరూ కొరడాతో కొడతామని చట్టం రాయలేదు. ఆయన విషయంలో అదీ రాశారు, ఆ సంగతికి వస్తాను.

బుష్ పుట్టింది పెన్సిల్వేనియాలో. 1815లో న్యూ ఆర్లీన్స్ దగ్గర ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధంలో ఉన్నాడని అంటారు. తర్వాత బొచ్చు తోళ్ల వ్యాపారంలో పడి పడమటి దేశం చాలా తిరిగాడు, అంటే ఆ బళ్లల్లో ఉన్న మిగతావాళ్లకి ఎక్కడికి పోతున్నామో ఊహ మాత్రమే, ఈయన కళ్లారా చూసి వచ్చినవాడు. ఆఖరికి మిస్సోరీలో స్థిరపడి, 1831లో ఇసబెల్లా జేమ్స్ అనే తెల్లావిణ్ణి పెళ్లి చేసుకున్నాడు. పశువుల వ్యాపారం బాగా సాగింది, డబ్బుంది, చుట్టుపక్కల పేరుంది. అయినా మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. బానిస కాని నల్లవాడు సైతం అక్కడ ఉండాలంటే లైసెన్సు తీసుకోవాలి. ఐదుగురు మగపిల్లలు ఎదుగుతున్నారు. ఇల్లు, పొలం, మంద అన్నీ ఉన్న యాభై ఏళ్ల మనిషి వాటిని వదిలేసి ఎందుకు బండి కట్టాడంటే ఆ పిల్లల వైపు చూడాలి, నా ఉద్దేశం అదే. బయల్దేరేటప్పుడు తన ఒక్క కుటుంబానికే సరుకులు కొనుక్కోలేదు, డబ్బు చాలని ఇరుగుపొరుగు కుటుంబాలకి కూడా సాయం చేశాడు. బండి అడుగున దొంగ అర పెట్టించి అందులో వెండి నాణేలు దాచాడని వాళ్లింట్లో చెప్పుకునేవారు.

బండి అంటే సినిమాల్లో చూసిన పెద్ద పడవలాంటిది ఊహించుకోకండి. చాలావరకు మామూలు వ్యవసాయపు బండే, పెట్టె సుమారు పది అడుగుల పొడుగు, నాలుగు అడుగుల వెడల్పు, పైన వంచిన కర్రల మీద నూనె పట్టించిన గుడ్డ. అందులో మనిషికి 150 నుంచి 200 పౌండ్ల దాకా పిండి, ఇంకా ఉప్పు పట్టించిన పంది మాంసం, కాఫీ, పంచదార, ఉప్పు, పనిముట్లు, విత్తనాలు. అన్నీ సర్దాక మనుషులకి చోటుండదు. స్ప్రింగులు లేవు కాబట్టి కూర్చున్నా నడుం విరిగిపోతుంది, అందుకే చాలామంది దారంతా నడిచారు. లాగడానికి గుర్రాల కంటే ఎడ్లనే ఎక్కువమంది ఎంచుకున్నారు. చవక, దారిలో దొరికే గడ్డి తిని బతుకుతాయి, దొంగల భయం తక్కువ, మరీ గతిలేకపోతే తినడానికి పనికొస్తాయి. ఎంత నడిచినా రోజుకి పది పదిహేను మైళ్లు.

నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా కళ్లకి కట్టేది చక్రం. మిస్సోరీ తేమలో బిగుతుగా ఉన్న చెక్క చక్రం పడమటికి పోయేకొద్దీ పొడి గాలికి ఎండి కుంచించుకుపోతుంది. చక్రపు ఆకులు వదులవుతాయి, చుట్టూ ఉన్న ఇనప పట్టా లొడలొడ కదిలి ఏదో ఒక రాతి మీద ఊడి దొర్లిపోతుంది. అప్పుడు ఏం చేసేవాళ్లంటే, సాయంత్రం ఏటి ఒడ్డున మకాం వేయగానే చక్రాలు విప్పి రాత్రంతా నీళ్లలో నానబెట్టేవాళ్లు. ఉబ్బిన చెక్క మళ్లీ పట్టాని పట్టుకుంటుంది, ఇంకా వదులుంటే సన్నటి చెక్కముక్కలు సందుల్లోకి దిగ్గొట్టేవాళ్లు. ఇరుసుకి పెట్టే కందెన చిన్న బకెట్టులో బండి వెనక వేలాడుతూ ఉండేది, తారులో జంతువుల కొవ్వు కలిపి. ఎడ్ల గిట్టలు అరిగిపోతే లాడాలు కొట్టడమో, అవి లేనప్పుడు పచ్చి తోలుతో జోళ్లు కట్టడమో. చెట్టు లేని మైదానాల్లో పొయ్యిలోకి ఎండిన బైసన్ (అడవిదున్న) పేడే. పిడకల మీద వంట చూసినవాళ్లకి అదేం వింత కాదు గానీ, మిస్సోరీ నుంచి వచ్చిన ఆడవాళ్లలో కొందరు మొదట దాన్ని చేత్తో ముట్టడానికి కూడా ఇష్టపడలేదు, వారం తిరిగేసరికి గౌనుల్లోనే ఏరుకొచ్చారు.

1844 వసంతంలో వానలు విపరీతంగా కురిశాయి. దారి మొదట్లోనే వాగులు పొంగి, బురదలో బళ్లు దిగబడి, వారాలకి వారాలు ఆలస్యమైంది. ఈ దారిలో ఆలస్యం అంటే తిండి ముందే అయిపోవడం, చలి ముందే తగులుకోవడం. ఆ తిప్పలు పడేటప్పుడు కొందరు కుర్రాళ్లు, మింటో కూడా వాళ్లలో ఒకడు, తేలిగ్గా గుర్రాల మీద ముందుకు పోదామనుకున్నారు. వాళ్లకి బుష్ చెప్పిన సలహా సారాంశం ఇది: ముందున్నది కటిక దేశం, మీ దగ్గర తుపాకులున్నాయి, నల్లపిట్టంత ప్రాణి కనపడినా వదలకండి, కొట్టుకు తినండి. ఆకలి ఎలా ఉంటుందో ముందే అనుభవించి తెలుసుకున్న మనిషి మాట అది.

అదే ఏడు, గిలియమ్ అనే ఆయన నడిపిన అదే బళ్ల బృందంలోని సేగర్ కుటుంబం సంగతి చూడండి. తొమ్మిదేళ్ల కేథరిన్ ఫోర్ట్ లారమీ దగ్గర కదులుతున్న బండి మీంచి దూకబోయింది, గౌను గొడ్డలి పిడికి తగులుకుని కింద పడింది, చక్రం కాలు మీంచి పోయి ఎముక విరిగింది. తర్వాత కొన్నాళ్లకి తండ్రి గ్రీన్ నది దగ్గర జ్వరంతో పోయాడు. నెల తిరక్కముందే స్నేక్ నది దారిలో తల్లి పోయింది. ఏడుగురు పిల్లలు మిగిలారు, ఆఖరిది ఆ ప్రయాణంలోనే పుట్టిన పసిగుడ్డు. బళ్ల బారులో ఉన్నవాళ్లే తలా ఒక చెయ్యి వేసి ఆ పిల్లల్ని క్రైస్తవ మత ప్రచారకులైన విట్మన్ దంపతుల మిషన్ దాకా చేర్చారు. అమెరికన్ ఇండియన్ల దాడుల గురించి సినిమాలు చూపించినంత ఈ దారిలో జరగలేదు, ఎక్కువమందిని చంపింది రోగాలు, నదులు, చక్రాలు, చేతిలోంచి పొరపాటున పేలిన తుపాకులు.

ఇక చట్టం సంగతి. ఈ బళ్లు ఇంకా మైదానాల్లో ఉండగానే, 1844 జూన్‌లో, ఓరెగాన్ తాత్కాలిక ప్రభుత్వం ఒక తీర్మానం చేసేసింది. బానిసత్వం ఉండకూడదు అన్నారు, బాగానే ఉంది. ఆ వెంటే నల్లవాళ్లు కూడా ఉండకూడదు అన్నారు. మగవాళ్లు రెండేళ్లలో, ఆడవాళ్లు మూడేళ్లలో ఖాళీ చేయాలి, చేయకపోతే ఇరవైకి తగ్గకుండా ముప్పై తొమ్మిది దాకా కొరడా దెబ్బలు, వెళ్లేదాకా ఆరు నెలలకోసారి. ప్రతిపాదించిన పీటర్ బర్నెట్ అంతకు ముందు ఏడాదే ఇదే దారిలో బళ్లు తోలుకుంటూ వచ్చినవాడు, తర్వాత కాలిఫోర్నియాకి తొలి గవర్నర్ అయ్యాడు. డిసెంబరులో కొరడా తీసేసి దాని బదులు బలవంతపు చాకిరీ పెట్టారు. 1845లో మొత్తం చట్టాన్నే రద్దు చేశారు, ఎవరి మీదా అమలు కాకుండానే. అది చాలు కదా అనుకోవద్దు. 1849లో ఇంకో బహిష్కార చట్టం వచ్చింది, 1857 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనూ ఆ నిషేధం చేరింది, దాన్ని తొలగించింది 1926లో. దాదాపు డెబ్భై ఏళ్లు!

కొలంబియా నది ఒడ్డుకి చేరేసరికి బుష్‌కి ఈ సంగతి తెలిసింది. అక్కడ జరిగినదే నన్ను ఈ పోస్టు రాయించింది. ఆయనతో వచ్చిన మైకేల్ సిమన్స్, కెంటకీలో పుట్టిన తెల్లవాడు, మొదట దక్షిణాన రోగ్ నది వైపు పోదామనుకున్నవాడు, ఆయనా మరికొన్ని కుటుంబాలూ బుష్‌ని వదిలి పోలేదు. నదికి దక్షిణాన మంచి నేల ఉంది, ఊళ్లున్నాయి, తమవాళ్లున్నారు. ఉత్తరాన ఉన్నది హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ పెత్తనం, మిగిలిందంతా అడవి. తాత్కాలిక ప్రభుత్వం మాట అక్కడ చెల్లదు. వీళ్లు ఉత్తరాన్నే ఎంచుకున్నారు. సిమన్స్‌కి వేరే లెక్కలు కూడా ఉండి ఉండొచ్చు, కొత్త చోట ముందుగా అడుగుపెడితే వచ్చే లాభం ఎవరికి తెలీదు. అయినా ఎవరి వెనక ఎవరు వెళ్లారో చూస్తే స్నేహం లేకుండా ఇది జరిగేది కాదు. దారి ఖర్చుకి చెయ్యిచ్చిన మనిషిని దారి చివర వదిలేయలేదు వాళ్లు.

ఆ చలికాలం వాషూగల్ దగ్గర నది ఉత్తరపు ఒడ్డున గడిపారు. 1845లో సిమన్స్ ముందు వెళ్లి చోటు చూసి వచ్చాడు, ఆ తర్వాత అంతా కలిసి కౌలిట్జ్ నది మీదుగా ఎగువకి పోయి, అక్కణ్ణుంచి అడవి నరుక్కుంటూ ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దాకా బళ్లకి బాట వేశారు. ఆ అడవి తెలిసినవాళ్లకి ఆ పని ఎంతదో అర్థమవుతుంది. నిలబడ్డ చెట్లతో పాటు కూలి పడి ఉన్న మాన్లూ అడ్డమే, ఒక్కోటి మనిషి ఎత్తు లావు, పైన నాచు, కింద ఊబి. ఆ ఏడాది చివర్లో డెషూట్స్ నది జలపాతాల దగ్గర దిగారు. అదే ఇప్పటి టమ్‌వాటర్, ఒలింపియా పక్కన. అప్పుడు పెట్టిన పేరు న్యూ మార్కెట్. బుష్ కుటుంబం కాస్త దక్షిణంగా ఉన్న చెట్లు లేని బయలులో పొలం వేసుకుంది, దాన్ని ఇప్పటికీ బుష్ ప్రెయిరీ అంటారు. సియాటిల్ నుంచి పోర్ట్‌లండ్ వెళ్లేటప్పుడు హైవే ఆ పక్కగానే పోతుంది, నేను కారాపి జలపాతాల దగ్గర కాసేపు తిరిగాను. నీటి హోరు గట్టిగానే ఉంటుంది, ఇక్కడ మిల్లు పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. వాళ్లు అదే చేశారు, ఒకటి రెండేళ్లలోనే పిండి మర, ఆ తర్వాత రంపపు మిల్లు పెట్టారు.

మొదటి ఏడాది మాత్రం గడ్డు. హడ్సన్స్ బే కంపెనీ పైనుంచి అమెరికన్లని ఉత్తరానికి రానివ్వకూడదనే ఉద్దేశంతోనే ఉన్నా, దాని అధికారి జాన్ మెక్లాఫ్లిన్ ఆకలితో ఉన్నవాళ్లకి అప్పు మీద ధాన్యం, పశువులు ఇప్పించాడు. వీళ్లు దేవదారు చెక్కలు చీల్చి పైకప్పు పెంకులు చేసి కంపెనీకి అమ్మి ఆ అప్పు తీర్చుకున్నారు. ఇంకా ముఖ్యం, అక్కడి ఆదివాసులైన నిస్క్వాలీ ప్రజలు వీళ్లకి బతకడం నేర్పారు. నీళ్లు వెనక్కి తగ్గాక ఒడ్డు ఇసకలో గవ్వచేపలు ఎక్కడ తవ్వాలో, సాల్మన్ ఎప్పుడొస్తుందో, ఏ దుంప తినాలో వాళ్లే చూపించారు. బుష్ పిల్లలు నిస్క్వాలీ భాష నేర్చుకున్నారు, నిస్క్వాలీలకి రోగాలు సోకినప్పుడు బుష్ కుటుంబం సేవలు చేసింది.

1846లో బ్రిటన్, అమెరికా ఒప్పందం చేసుకుని 49వ అక్షాంశాన్ని సరిహద్దుగా పెట్టుకున్నాయి. బుష్ వాళ్ల ఊరు ఉండబట్టే ఆ నేల అమెరికాకి దక్కిందని కొందరు గొప్పగా రాస్తారు, నాకది సాగదీసినట్టే అనిపిస్తుంది. ముప్పై మంది మనుషుల వల్ల దేశాల సరిహద్దులు మారవు. జరిగింది మాత్రం ఇది: ఏ చట్టం నుంచి తప్పించుకుని ఆయన నది దాటాడో ఆ అధికారం ఇప్పుడు ఆయన పొలం దాకా వచ్చేసింది. 1850లో వచ్చిన భూమి చట్టం అంతకు ముందే వచ్చి స్థిరపడ్డ పెళ్లయిన జంటకి 640 ఎకరాలు ఇస్తానంది, అందులో సగం భార్య పేరునే. కానీ అది తెల్లవాళ్లకీ, తెల్లజాతి, అమెరికన్ ఇండియన్ మిశ్రమ సంతానానికీ మాత్రమే. ఐదేళ్లుగా దున్నుతున్న నేల మీద బుష్‌కి కాగితం లేదు. ఎవడైనా వచ్చి ఇది నాది అంటే కోర్టులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అలా కాగితం లేకుండా ఉన్న రోజుల్లోనే 1852 వచ్చింది. ఆ ఏడు వలసవచ్చినవాళ్లు చాలా ఎక్కువ, ధాన్యం తక్కువ, ధరలు మండిపోతున్నాయి. బుష్ గాదెలో గోధుమలున్నాయి. వ్యాపారులు వచ్చి మొత్తం కొంటాం, మంచి రేటిస్తాం అన్నారు. ఆయన అమ్మలేదు. డబ్బు ఉన్నా లేకపోయినా వచ్చిన ప్రతి కొత్త కుటుంబానికీ పంచాడు, వచ్చే ఏడాది పండాక ధాన్యంగానే తిరిగివ్వండి, అవసరమైనంతే తీసుకోండి అన్నాడు. దాదాపు పంటంతా అలాగే పోయింది. ఎజ్రా మీకర్ అనే మరో వలసదారు ఈ సంగతి రాశాడు, ఆయన కూడా 1852లోనే ఓరెగాన్‌కి బండి మీద వచ్చినవాడు. తన చేతికి పట్టా ఇవ్వని చట్టం కింద, పట్టా దొరికే జనానికి అన్నం పెట్టాడు బుష్. ఇలా చేసే ఔదార్యం నాలో ఉందా అని నన్ను నేను గట్టిగా అడుక్కున్నాను.

1853లో వాషింగ్టన్ టెరిటరీ, అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం, విడిగా ఏర్పడింది. 1854లో కూర్చున్న మొదటి శాసనసభ బుష్ పొలం ఆయనకే ఇవ్వమని కాంగ్రెస్‌కి విజ్ఞప్తి పంపింది. 1855లో కాంగ్రెస్ ఒక్క మనిషి పేరు మీద చట్టం చేసింది, 640 ఎకరాలు బుష్ కుటుంబానికి. ఇది చదివి చాలామంది సంతోషంగా పుస్తకం మూసేస్తారు. నాకు సంతోషం సగమే. చట్టాన్ని మార్చలేదు, మంచివాడని ఒక్కణ్ణి మినహాయించారు. అంత పేరు, అంత మంచితనం లేని మామూలు నల్లవాడు వస్తే? వాడికి అదే పాత చట్టం. బుష్‌కి కూడా భూమి దక్కింది గానీ ఓటు దక్కలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. ఆ 640 ఎకరాలు ఖాళీ నేల కాదు. ఆ బయళ్లలో చెట్లు పెరగకుండా తరతరాలుగా నిప్పు పెట్టి కాపాడుకుంటూ, కామస్ దుంపలు పండించుకున్నది అక్కడి ఆదివాసులే. 1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ దగ్గర ఒప్పందం మీద గుర్తులు పెట్టించి వాళ్లని ఇరుకు రిజర్వేషన్లలోకి నెట్టారు, మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. బుష్‌తో పాటు వచ్చిన జేమ్స్ మెకాలిస్టర్ ఆ యుద్ధంలో చనిపోయాడు. మొదట్లో ఈ వలసదారులకి స్నేహితుడైన నిస్క్వాలీ నాయకుడు లెషైని 1858 ఫిబ్రవరిలో ఉరితీశారు, అది తప్పని 2004లో ఒక ప్రత్యేక న్యాయసభ తేల్చింది. అన్యాయాన్ని తప్పించుకుని వచ్చిన మనిషి ఇంకొకళ్లకి జరుగుతున్న అన్యాయం మధ్యలో పొలం దున్నాడు. అందుకు ఆయన్ని తక్కువ చేయబుద్ధి కాదు, అలాగని ఆ మాట దాచబుద్ధీ కాదు.

బుష్ 1863 ఏప్రిల్‌లో చనిపోయాడు, ఇసబెల్లా 1866లో. ఐదుగురు పిల్లలతో మిస్సోరీ నుంచి వచ్చి, సౌండ్ ఒడ్డుకి చేరాక ఆరోవాణ్ణి కని, ఆ వచ్చేపోయే జనానికంతటికీ వండిపెట్టిన ఆవిడ గురించి మింటోలు, మీకర్లు ఇంకొంచెం రాసి ఉండాల్సింది. నల్లవాళ్లకి పౌరసత్వం ఇచ్చిన రాజ్యాంగ సవరణ 1868లో గానీ రాలేదు. పెద్దకొడుకు విలియం ఓవెన్ బుష్ అదే పొలం చేశాడు, 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో అక్కడ పండిన గోధుమకి బహుమతి తెచ్చుకున్నాడు. 1889లో వాషింగ్టన్ రాష్ట్రమయ్యాక ఏర్పడ్డ తొలి శాసనసభకి ప్రజలు అతన్ని ఎన్నుకున్నారు, ఇప్పుడు వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీగా ఉన్న వ్యవసాయ కళాశాల కోసం సభలో పనిచేశాడు.